కోరం లేని పుస్తక గోష్ఠి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద, వైద్య బిల్లుల మీద మాట్లాడవలసిన పెద్దలు నా తర్వాత ఉన్నారు. మీరంతా ఆ సంగతుల కోసం ఎదురు చూస్తున్నారని నాకు తెలుసు. కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చి, "మీ పుస్తక గోష్ఠి సంగతి చెప్పండి, అది ఇంకా నడుస్తున్నదా?" అన్నారు. ఆ "ఇంకా" అనే మాటకే నేను జవాబు చెప్పుకోవాలి. నడుస్తున్నది. ఎలా నడుస్తున్నదో, మధ్యలో నేనే దాన్ని ఎలా ఆపబోయానో, ఎందుకు ఆపలేకపోయానో దాపరికం లేకుండా మనవి చేసుకుంటాను.

నేను సాహిత్యవేత్తను కాను. 1972లో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఫైళ్ళ బీరువాలతోపాటు నేనూ మండలాఫీసుకు చేరాను. 2008లో రిటైరయ్యాను. ముప్పై ఆరేళ్ళు నేను చదివినవి అర్జీలు, రాసినవి నోట్‌ఫైళ్ళు. కథలూ నవలలూ చదవాలన్న కోరిక మాత్రం చిన్నప్పటి నుంచీ ఉండేది. రిటైరైన తర్వాతగాని తీరిక చిక్కలేదు. తీరిక చిక్కేసరికి, చదివింది చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడని తెలిసింది. అందుకే గోష్ఠి.

2011 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన మరుసటి ఆదివారం, ఈ భవనంలోనే దాన్ని మొదలుపెట్టాం. నెలకొక పుస్తకం అందరం చదవాలి, మూడో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంతే నియమం. మొదటిరోజు రిజిస్టరులో 23 సంతకాలు పడ్డాయి. ఆ రోజు మిరపకాయ బజ్జీలు, టీ ఏర్పాటు చేశాం. ఆ సంతకాల్లో కొన్ని సాహిత్యానికి, కొన్ని బజ్జీలకు పడ్డాయని తర్వాత తెలిసింది.

మొదటి పుస్తకంగా నేను విశ్వనాథవారి "వేయిపడగలు" పెట్టాను. మహాగ్రంథం, సందేహం లేదు. కాని వెయ్యి పుటల దాకా ఉండే పుస్తకాన్ని నెలరోజుల్లో చదివి రమ్మని, కంటి శుక్లాల ఆపరేషన్లు చేయించుకున్నవారికి చెప్పిన మనిషిని ఏమనాలి? రెండోనెల 11 మంది వచ్చారు. పూర్తిగా చదివినవారు ఇద్దరు. మిగిలిన తొమ్మండుగురూ పాఠం అప్పజెప్పలేని పిల్లల్లాగా తల వంచుకు కూర్చున్నారు. మూడోనెలకు ఏడుగురు మిగిలారు. రెండేళ్ళు తిరిగేసరికి అయిదుగురం.

ఆంధ్రులు ఆరంభశూరులని పేరుంది కదా, అదే అనుకుని ఊరుకున్నాను. ఊరుకోకుండా మరొక పనీ చేశాను. రానివారికి కార్డులు రాశాను. "తమరు గత రెండు సమావేశములకు హాజరు కాలేదు. కారణము తెలుపగలరు." ముప్పై ఆరేళ్ళ అలవాటు చేతికి వచ్చింది. అది చూసి ఒక పెద్దాయన, "సర్వీసులో ఉండగా రాని మెమో రిటైరయ్యాక వచ్చింది" అని నవ్వుతూ చెప్పి, ఆ నవ్వుతోనే మానేశారు.

తర్వాత ఇళ్ళకు వెళ్ళి అడిగాను. అప్పుడు గాని అసలు కారణాలు తెలియలేదు. ఒకరికి చూపు ఆనడం లేదు, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు. ఒకరికి పుస్తకం కొనడం బరువు, అది చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు. ఒకాయన అన్నారు: "చదువుతాను గాని, నలుగురిలో మాట్లాడాలంటే భయమండీ. ఆఫీసరుగారి ముందు చిత్తం, చిత్తం అన్న నోరు ఇది. అభిప్రాయం చెప్పమంటే ఎక్కడి నుంచి వస్తుంది?" రిటైరైన ఒక టీచరమ్మగారు ఇంకా సూటిగా చెప్పారు: "రిటైర్మెంటు మీకండీ. మాకు బడి నుంచి రిటైర్మెంటు ఇచ్చారు గాని వంటింటి నుంచి ఇవ్వలేదు. నాలుగింటికి గోష్ఠి అంటే అది మా ఇంట్లో టీ వేళ. ఎలా వస్తాను?" రెండేళ్ళపాటు ఆ వేళ గురించి నేను ఎవరినీ అడగలేదు. నాకు వీలైన వేళ అందరికీ వీలేననుకున్నాను.

అలా అయిదారుగురితో ఈడుస్తూ ఉండగా 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. భవనానికి తాళం పడింది. మా మనవడు ఫోనులో మీటింగు పెట్టడం నేర్పాడు. అందరమూ ఇళ్ళలో బందీలమే కదా, ఒక్కసారిగా 14 మంది అయ్యాం. హైదరాబాదులో కొడుకు దగ్గర ఉన్నవారు, బెంగుళూరులో ఉన్నవారు, అమెరికాలో కూతురింటికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయిన ఒక మిత్రుడు, అందరూ వచ్చారు. మొదట్లో మాకు కనిపించినవి మనుషుల ముఖాలు కావు, సీలింగు ఫ్యాన్లు. గంట గోష్ఠిలో పావుగంట "వినబడుతున్నదా?" అనడానికి, మరో పావుగంట "వినబడుతున్నది" అనడానికి సరిపోయేది. ఒకరింట్లో కుక్కరు కూత వేస్తే అందరి ఇళ్ళలోనూ లేచి చూసుకునేవారు. అయినా నేను పొంగిపోయాను. మొదటిరోజు తర్వాత ఎన్నడూ లేని హాజరు అది.

2021 వేసవిలో రెండో విడత జబ్బు మన సంఘంలో ఎందరిని తీసుకుపోయిందో మీకు చెప్పనక్కరలేదు. గోష్ఠిలో ఇద్దరు పోయారు. ఆ తర్వాత తలుపులు తెరుచుకున్నాయి, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, ఫోను ముందు కూర్చోవడం అందరికీ విసుగు పుట్టింది. 14 మంది ఎనిమిదయ్యారు, ఎనిమిది నలుగురయ్యారు.

ఆ నలుగురిలో ఒక మిత్రుని గురించి చెప్పాలి. పేరు చెప్పను. లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవారు. ప్రతి నెలా మూడో ఆదివారం నాలుగు గంటలకు ఒక నిమిషం ముందే ఆయన పేరు ఫోనులో కనిపించేది. పేరే కనిపించేది. ముఖం కనిపించేది కాదు, మైకు ఎప్పుడూ మూసే ఉండేది. రెండేళ్ళలో ఆయన నోట నేను విన్నవి రెండే మాటలు: వచ్చినప్పుడు "నమస్కారమండీ", వెళ్ళేటప్పుడు "సెలవండీ". ఒకసారి విసుగెత్తి, మీటింగు అయ్యాక ఫోను చేసి అన్నాను: "ఏమండీ, మైకు మూసుకుని కూర్చోవడానికి గోష్ఠి ఎందుకండీ? ఏదో ఒక ముక్క మాట్లాడాలి గాని, ఊరికే కూర్చుంటే ఏం లాభం?" ఆయన "అలాగేనండి" అన్నారు. మరుసటి నెలా వచ్చారు. మైకు మూసే ఉంది.

2022 ఆగస్టు మూడో ఆదివారం నాలుగు గంటలకు ఫోను తెరిచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆయన కూడా రాలేదు. నలభై నిమిషాలు నా ముఖాన్ని నేనే చూసుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది. "ఎవరితోనూ కాదు" అన్నాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ, లేచి కాఫీ తాగండి" అంది.

లేచాను. రిజిస్టరు తీసి నాలుగు పేర్లకు ఎదురుగా ఎర్ర సిరాతో గైర్హాజరు అని వేశాను. ఆ రాత్రి గోష్ఠి ఫైలులో ఒక నోటు కూడా రాశాను. "సభ్యుల నిరాసక్తత దృష్ట్యా గోష్ఠిని ఇంతటితో నిలిపివేయవచ్చును" అని రాసి, కింద "ఎల్.డిస్." అని వేశాను. ఇక్కడున్న పిల్లలకు తెలియదు గనుక చెబుతున్నాను. మా ఆఫీసుల్లో పని ముగిసిన కాగితాలను తరగతులుగా విడదీసేవాళ్ళం. కొన్నింటిని శాశ్వతంగా ఉంచాలి. ఒక ఏడాది ఉంచి తర్వాత నాశనం చేయవలసిన వాటికి ఎల్.డిస్. అని వేస్తాం. పదకొండేళ్ళ గోష్ఠికి నేను వేసిన విలువ అది.

సెప్టెంబరు రెండోవారంలో ఒక ఉదయం ఆ మిత్రుని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే ఆయన కాదు, ఆయన భార్య. "అన్నయ్యగారూ, మీ పుస్తకం మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరితో పంపమంటారు?" అన్నారు. ఆయన్ని పిలవమన్నాను. ఒక్క క్షణం ఊరుకుని, "ఆయన పోయి ఇరవై రెండు రోజులైందండీ" అన్నారు. ఆగస్టులో ఆ ఆదివారం నాటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. నేను ఎర్ర సిరాతో గైర్హాజరు వేస్తున్నప్పుడు ఆయన ఆక్సిజన్ మీద ఉన్నారు.

నాకు మాట రాలేదు. ఆమే మాట్లాడారు. ఆమెకు చాలా ఏళ్ళుగా చూపు లేదు, నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. గోష్ఠిలో ఆ నెలకు అనుకున్న పుటలు ఆయన ప్రతిరాత్రీ భోజనాలయ్యాక ఆమెకు బిగ్గరగా చదివి వినిపించేవారట. మూడో ఆదివారం ఇద్దరూ ఫోను ముందు కూర్చునేవారట. మేము మాట్లాడుతుంటే ఆమె తన అభిప్రాయం ఆయనకు చెప్పేవారు, ఆయన తనది ఆమెకు చెప్పేవారు. మైకు మూసి ఉన్నది అందుకు. వాళ్ళిద్దరి గోష్ఠి వేరే నడుస్తున్నది.

"అల్పజీవి చదివిన నెల గుర్తుందా అన్నయ్యగారూ?" అన్నారు. గుర్తుంది. రావిశాస్త్రిగారి నవల. అందులో సుబ్బయ్య ఒక గుమాస్తా, ఇంటా బయటా భయపడుతూ బతికే మనిషి. మా గోష్ఠిలో ఎన్నడూ లేనంత రక్తి కట్టిన నెల అది. ఎవరికి వారు ఆఫీసులో తాము సుబ్బయ్యలైన సందర్భాలు చెప్పుకుని నవ్వుకున్నాం. ఆమె అన్నారు: "నలభై ఏళ్ళు ఆఫీసు సంగతి ఇంట్లో ఒక్కటీ చెప్పని మనిషండీ. ఆ పుస్తకం చదువుతూ చదువుతూ ఒక రాత్రి ఆపేసి, ఎవరో చేసిన తప్పు బిల్లుకు తనకు ఇంక్రిమెంటు ఆపిన సంగతి చెప్పారు. నేను చేయలేదని చెప్పడానికి నోరు రాలేదు అన్నారు. ఒక సంక్రాంతికి పిల్లలకు బట్టలు కొనలేదని నేను ఆయన్ని చాలా మాటలన్నాను. ఎందుకు కొనలేదో నాకు ఆ రాత్రి తెలిసింది."

నేను ఉండబట్టలేక అడిగాను: "అమ్మా, నేనొకసారి ఆయన్ని ఒక మాటన్నాను. మీకు చెప్పారా?" "చెప్పారు" అన్నారు ఆమె. "నిజమే కదా, నేనేం మాట్లాడగలను అని నవ్వారు. ఆ తర్వాత నుంచి మీరు చెప్పిన పుటలు రెండేసిసార్లు చదివేవారు, ఎప్పుడైనా ఒక ముక్క చెప్పవచ్చునని."

పుస్తకం సంగతి నేను మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. ఫోను పెట్టబోతూ, "ఈ ఆదివారం గోష్ఠి ఉందా అన్నయ్యగారూ?" అన్నారు. నా బల్ల మీద ఎల్.డిస్. నోటు ఉంది. "ఉందమ్మా" అన్నాను.

మిత్రులారా, ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఆలోచించాను. మన పెద్దలు గ్రంథాలయాలు పెట్టిన రోజుల గురించి దొరికింది చదివాను. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. బెజవాడలో 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకుని గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపించారు, చిలకమర్తివారు అధ్యక్షులు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వచ్చింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి ఊరూరికీ పంపారు. ఆ రోజుల్లో చదవగలిగినవారు ఎందరు? 1911 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యులు నూటికి ఆరుగురు. నూటికి ఆరుగురు చదవగలిగిన దేశంలో ఇన్ని పుస్తకాలు ఎవరికోసం? జవాబు మన చిన్నతనంలోనే మనం చూశాం. రచ్చబండ మీద ఒకరు పేపరు చదివితే పదిమంది వినేవారు. గుడిలో ఒకరు పురాణం చెబితే ఊరు వినేది. విన్నవాళ్ళను మీ అభిప్రాయం చెప్పండని ఎవరూ నిలదీయలేదు. మాట్లాడలేదు గనుక రాలేదని ఎవరూ రిజిస్టరులో వేయలేదు.

నేను గోష్ఠి అంటే మాట్లాడేవారి సభ అనుకున్నాను. వినేవారికి కూడా అది చోటు అని నాకు తట్టలేదు. హాజరు తక్కువైందని బాధపడ్డాను గాని, నా లెక్కే తప్పేమోనని చూసుకోలేదు. రెండేళ్ళపాటు ఒకరని రాసినచోట ఇద్దరున్నారు.

రిజిస్టరులో తప్పు దిద్దితే పక్కన పొట్టి సంతకం పెట్టాలన్నది మనకు తెలిసిన నియమం. ఆ నాలుగు గైర్హాజర్లలో ఆయన పేరు ఎదుట ఉన్నదాన్ని కొట్టివేసి, "ఆసుపత్రిలో" అని రాసి పొట్టి సంతకం చేశాను. అంతకుమించి చేయగలిగింది లేదు.

ఆ తర్వాత గోష్ఠిలో కొన్ని మార్పులు చేశాం. ఇలాంటి చిన్న గోష్ఠులు మీ మీ ఊళ్ళలో నడుపుతున్నవారు, నడపాలనుకుంటున్నవారు ఉంటే పనికివస్తాయని చెబుతున్నాను.

మొదటిది, ఇంటి దగ్గర చదివి రావాలన్న నియమం తీసేశాం. గోష్ఠిలోనే ఒకరు ఒక కథ బిగ్గరగా చదువుతారు. ఇరవై నిమిషాల్లో అయ్యేది చూసుకుంటాం. గురజాడవారి "దిద్దుబాటు" 1910లో వచ్చిన చిన్న కథ, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. చాసోగారి కథలు, శంకరమంచి సత్యంగారి "అమరావతి కథలు" ఇలాంటి గోష్ఠులకు కొలిచినట్టు ఉంటాయి. 1952లో ప్రపంచ కథల పోటీలో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" కొంచెం పెద్దది గనుక రెండు నెలలు చదివాం. ఆ గాలివాన తర్వాత రావుగారు మారారా, మారలేదా అని మూడోనెల కూడా వాదించుకున్నాం. చదవలేదన్న సిగ్గు పోయింది గనుక రానివారు ఇద్దరు మళ్ళీ వచ్చారు.

రెండోది, వేళ. టీచరమ్మగారిని అడిగి మధ్యాహ్నం మూడు గంటలు చేశాం. ఒక కునుకు తీసి లేచే వేళ, టీకి ముందు. ముప్పావు గంటకు ఒక్క నిమిషం మించనివ్వం. అమెరికాలో ఉన్న మిత్రునికి అది తెల్లవారుజాము. "ఎలాగూ ఆ వేళకు నిద్ర పట్టదు, మీ గొంతులైనా వింటాను" అంటాడు.

మూడోది, మెమోలు మానేశాను. శనివారం సాయంత్రం ఒక్కొక్కరికి ఫోను చేస్తాను. రేపు తప్పక రండి అనను. ఎలా ఉన్నారు అని మాత్రం అడుగుతాను. ఒకసారి ఒకరు ఎంతకూ ఫోను ఎత్తకపోతే పక్కింటివారికి చేశాను. ఒంటరిగా ఉంటున్న మనిషి రెండురోజులుగా జ్వరంతో మంచంలో ఉన్నారని అలా తెలిసింది. 2022లో కూడా ఆ శనివారం ఒక్క ఫోను చేసి ఉంటే బాగుండును కదా అని అప్పుడు అనుకున్నాను.

నాలుగోది, పుస్తకాలు. ఎవరినీ కొనమనం. శాఖా గ్రంథాలయం నుంచి తెస్తాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. కట్టినదానికి మనం తెచ్చుకునే వడ్డీ ఆ పుస్తకం. పొరుగూరు వారికి పంపవలసి వస్తే మా సొంత పుస్తకాల్లోంచి తీసి ఆర్టీసీ పార్శిలులో వేస్తాం. ఒక పుస్తకం నాలుగూళ్ళు తిరిగి తిరిగి అట్ట ఊడి వస్తుంది. అట్ట ఊడిందంటే చదివారన్నమాట.

అయిదోది, రిజిస్టరులో గైర్హాజరు గడి తీసేశాను. తేదీ, కథ పేరు, చదివినవారి పేరు, ఎవరైనా చెప్పిన ఒక మాట. అంతే రాస్తాను. ఎవరూ ఏమీ అనకపోతే "విన్నారు" అని రాస్తాను.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. మూడో ఆదివారం గోష్ఠి రద్దు చేయను. ఒక్కరే వచ్చినా పావుగంట కథ చదివి, రిజిస్టరు రాసి ముగిస్తాం. ఈ వారం లేదు, వచ్చే నెల చూద్దాం అని ఒకసారి అంటే, ఎదురు చూసే మనిషికి ఆ ఎదురుచూపు తెగిపోతుంది. తెగినదాన్ని మళ్ళీ కట్టడం కష్టం. పదిమంది వచ్చి మానేసే గోష్ఠికన్నా, ఇద్దరు వచ్చినా వేళ తప్పని గోష్ఠి మేలని నా అనుభవం.

ఇక ఆ సోదరి సంగతి. మొదటి నెలలు ఆవిడ కూడా మైకు మూసుకునే విన్నారు. నేను ఏమీ అనలేదు. ఇప్పుడు సాయంత్రాలు మనవరాలు ఆమెకు కథలు చదువుతున్నది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్ల. మొదట అక్షరం అక్షరం కూడబలుక్కునేదట, ఇప్పుడు ధారాళంగా చదువుతున్నది. 2024లో నాకు గుండెకు స్టెంటు వేశారు. రెండు నెలలు డాక్టరుగారు ఫోను కూడా ముట్టవద్దన్నారు. గోష్ఠి ఆగిపోయిందనే అనుకున్నాను. లేచి వచ్చి రిజిస్టరు అడిగితే ఆ రెండు ఆదివారాలకూ రాసి ఉంది. దస్తూరీ మనవరాలిది. నడిపింది ఆవిడ. శనివారం ఫోనులు కూడా ఆవిడే చేశారట, నంబర్లన్నీ కంఠస్థం. నా గోష్ఠి, నా గోష్ఠి అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది నాది కాదని అప్పుడు తెలిసి చాలా సంతోషించాను.

ఒక ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. "ఇప్పుడు ఫోను తెరిస్తే మంచి గొంతులున్నవాళ్ళు కథలు చదివి పెడుతున్నారు కదా, మీ ముక్కుతూ మూలుగుతూ చదివేది ఎందుకు?" అని. నిజమే, వాళ్ళు మాకన్నా బాగా చదువుతారు. నేనూ వింటాను. కాని పోయిన నెల మీరు ఎందుకు రాలేదని ఆ గొంతు నన్ను అడగదు. నా దగ్గు తగ్గిందా అని అడగదు. మనకు మన కథ ఒక్కటే చాలదు, పక్కన విన్నవాడు కూడా కావాలి.

రెండు మాటలు కుటుంబాలవారితో చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో పెద్దవారు నెలకొకసారి ముప్పావు గంట ఫోను ముందు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే, అది ఉత్త కాలక్షేపమని అనుకోకండి. ఫోను అమర్చి ఇవ్వండి, ఆ కాసేపు టీవీ గొంతు తగ్గించండి. వీలైతే మీరూ పక్కన కూర్చుని వినండి. పెన్షనరు మిత్రులకు ఒక మాట. ప్రతి ఏటా మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి గవర్నమెంటును నమ్మిస్తున్నాం. మనం బతికి ఉన్నామని మనలో మనం ఒకరికొకరు చెప్పుకోవడానికి కూడా ఒక రోజు ఉండాలి. మాకు అది మూడో ఆదివారం.

ఇప్పుడు మా రిజిస్టరులో ఎనిమిది పేర్లున్నాయి. నలుగురో అయిదుగురో వస్తారు. వర్షం వస్తే, కరెంటు పోతే ఇద్దరం. మన సంఘం నియమావళి ప్రకారం దానికి ఏనాడూ కోరం లేదు. ఎల్.డిస్. అని రాసిన ఆ నోటు ఇంకా ఫైలులోనే ఉంది. చించి పారేయలేదు, మనకు కాగితం చించే అలవాటు లేదు కదా. దాని కిందనే మరొక నోటు పెట్టాను: "పై నోటు రద్దు. ఫైలు పెండింగు." సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పెండింగు అనే మాట వింటే నాకు నిద్ర పట్టేది కాదు. ఈ ఒక్క ఫైలు మాత్రం నా తర్వాత కూడా పెండింగులోనే ఉండాలని కోరుకుంటున్నాను.

 వచ్చే మూడో ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. మాట్లాడనక్కరలేదు, రండి.

సెలవు.